బల్ల మీద పరచిన ఊరు: కొన్ని అపోహలు, వాస్తవాలు

2016 వేసవిలో జర్మనీలోని హాంబర్గ్ వాసులు కొందరు విడతలు విడతలుగా ఒక బల్ల చుట్టూ చేరారు. బల్ల మీద ప్రొజెక్టర్ వెలుగులో వాళ్ల పేటల పటం, చేతుల్లో రంగురంగుల లెగో బిళ్లలు. అంతకు ముందు ఏడాది నగరానికి వచ్చిపడిన శరణార్థులకు ఎక్కడ వసతి కట్టాలన్నది వాళ్ల ముందున్న ప్రశ్న. ఖాళీ జాగా మీద ఎవరైనా బిళ్ల పెడితే కెమెరా దాన్ని గుర్తుపట్టేది. అక్కడ ఎంతమందికి చోటు కుదురుతుందో లెక్క వెంటనే కళ్ల ముందుకొచ్చేది. అమెరికాలోని ఎం.ఐ.టి., హాంబర్గ్‌లోని హాఫెన్‌సిటీ విశ్వవిద్యాలయం కలిసి చేసిన ఏర్పాటు అది.

రోడ్డు వేస్తే ఏమవుతుంది, చెరువు పూడిస్తే నీళ్లు ఎటు పోతాయి అన్నది పని మొదలు కాకముందే కంప్యూటర్‌లో చూసుకోవడమే సిమ్యులేషన్. ఊరి మొత్తానికీ అలాంటి ప్రతిరూపం కడితే దాన్ని డిజిటల్ ట్విన్ అంటున్నారు. ఈ మాటలు ఇప్పుడు మన మున్సిపాలిటీల దాకా వచ్చాయి. వాటి వెంటే అపోహలూ వచ్చాయి.

అపోహ: కంప్యూటర్‌కు పక్షపాతం ఉండదు. అది చెప్పిన లెక్కకు తిరుగులేదు.

వాస్తవం: అన్నిటికన్నా ప్రమాదకరమైన నమ్మకం ఇదే. ఎం.ఐ.టి. ఆచార్యుడు జే ఫారెస్టర్ బోస్టన్ మాజీ మేయర్ జాన్ కాలిన్స్‌తో కలిసి కూర్చుని, ఒక నగరం ఎలా పెరుగుతుందో, ఎలా చితికిపోతుందో సమీకరణాల్లో రాశాడు. 1969లో ‘అర్బన్ డైనమిక్స్’ పేరుతో పుస్తకం వచ్చింది. పేదలకు చౌక ఇళ్లు కట్టిస్తే నగరానికి మేలు కాదు, కీడే జరుగుతుందని ఆ నమూనా తేల్చింది. అసలు సంగతి ఏమిటంటే, నగరం చుట్టూ ఉండే శివార్లను ఆ నమూనా లెక్కలోకే తీసుకోలేదు. చుట్టూ ఉన్న ప్రాంతంతో ఇచ్చిపుచ్చుకోవడం లేని నగరం నిజంగా ఎక్కడుంది? విమర్శకులు ఆనాడే ఈ మాట అడిగారు.

ఇరవై ఏళ్ల తర్వాత, 1989లో, విల్ రైట్ ‘సిమ్‌సిటీ’ అనే కంప్యూటర్ ఆట తయారుచేశాడు. దాని పునాదుల్లో ఫారెస్టర్ ఆలోచనలు ముఖ్యమైనవి. అంటే ఒక ఆచార్యుడి ఊహలు లక్షలాది మంది పిల్లల చేతుల్లోకి ఆటగా చేరాయి. 2013లో వచ్చిన సిమ్‌సిటీకి రూపకర్తల్లో ఒకరైన స్టోన్ లిబ్రాండ్ ఒక సంగతి బాహాటంగానే చెప్పాడు. కార్లు నిలిపే జాగాలను ఉన్నంత పరిమాణంలో చూపిస్తే తెర నిండా అవే కనబడతాయి, అందుకే కుదించేశామని. ఆటలో అది చెల్లుతుంది. కానీ ఒక ఊరి రోడ్డు విస్తరణను నిర్ణయించే నమూనాలో కార్లు, బస్సులు లెక్కలో ఉండి, పొద్దున్నే కూరగాయల తోపుడు బండి పెట్టుకునే ఆమె లేకపోతే? ఆ తెర మీద ఆమెకు నష్టమే జరగదు, ఎందుకంటే అక్కడ ఆమే లేదు. అందుకే బొమ్మ ఎంత బాగుందో చూసి మురిసిపోయే ముందు, ఇందులో ఏం లెక్కపెట్టారు, ఏం వదిలేశారు అని అడిగే హక్కు జనానికి ఉండాలి.

అపోహ: ఇవన్నీ మహానగరాలకే.

వాస్తవం: జర్మనీలో స్టుట్‌గార్ట్ దగ్గర హెరెన్‌బర్గ్ అనే ఊరుంది. జనాభా సుమారు 30 వేలు, మన దగ్గర చిన్న మున్సిపాలిటీ అంత. స్టుట్‌గార్ట్‌లోని సూపర్ కంప్యూటర్ కేంద్రం ఆ ఊరికి డిజిటల్ ట్విన్ కట్టింది. గాలి వాటం, వాహనాల రాకపోకలు, కాలుష్యంతో పాటు, ఏ వీధిలో నడుస్తుంటే మనసుకు ఎలా ఉందో జనం ఫోన్‌లో నమోదుచేసిన వివరాలూ అందులో చేర్చారు. ఈ చివరి ముక్క నాకు ఎంతో నచ్చింది. చీకటి సందులో కలిగే భయం ఏ సర్వే పటంలోనూ ఉండదు.

అపోహ: సామాన్యులకు ఇది అర్థం కాదు.

వాస్తవం: సామాన్యులకు అర్థం కానిది ఇంజనీరు గీసే ప్లాను కాగితం. 2012లో ఐక్యరాజ్య సమితి నివాసాల విభాగం యు.ఎన్. హాబిటాట్, ‘మైన్‌క్రాఫ్ట్’ ఆట చేసిన మోయాంగ్ సంస్థ చేతులు కలిపాయి. అలా మొదలైన కార్యక్రమంలో నైరోబీ వంటి నగరాల్లోని బస్తీవాసులు తమ ఆటస్థలం, తమ వీధి ఎలా ఉండాలో తెర మీద దిమ్మెలు పేర్చి చూపించారు.

అపోహ: త్రీడీ బొమ్మ చూపించి అభిప్రాయాలు రాయించుకుంటే ప్రజా భాగస్వామ్యం అయిపోయినట్టే.

వాస్తవం: హాంబర్గ్‌కు తిరిగి వెళ్దాం. అక్కడ జనం ఒప్పుకున్న స్థలాలు 161. చట్టపరమైన పరిశీలనలో నిలిచినవి 44. నిజంగా వసతి కట్టే దాకా వచ్చినవి ఇంకా తక్కువ. సాంకేతికత విఫలమైందని దీన్ని చదవక్కర్లేదు. జనం ఒప్పుకున్న ప్రతి స్థలమూ అధికారుల పరిశీలనకు వెళ్లింది, నిర్ణయం జరగక ముందే వెళ్లింది. అదే ముఖ్యం. టెండర్లు పిలిచాక చూపించే త్రీడీ వీడియో ప్రచారం మాత్రమే.

హాంబర్గ్‌లోలా జనాన్ని ఒకచోట కూర్చోబెట్టడానికి మనం సభ కొత్తగా పెట్టాల్సిన పనిలేదు. రాజ్యాంగం 243ఎ అధికరణం గ్రామసభకు చోటిచ్చింది. 3 లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న పట్టణాల్లో వార్డు కమిటీలు ఉండాలని 243ఎస్ చెబుతోంది. 2020లో మొదలైన స్వమిత్వ పథకం కింద గ్రామకంఠాలను డ్రోన్లతో కొలుస్తున్నారు కాబట్టి పటాలూ తయారవుతున్నాయి. ఇక కావాల్సింది ఆ పటాన్ని బడి గోడ మీద వేసి, చెరువు అలుగు పారితే నీళ్లు ఏ వీధిలోకి వస్తాయో సభలో అందరి ముందూ చూపడం. పైనుంచి తీసిన ఫొటోలో కాలువ కాలువలాగే కనిపిస్తుంది. రోడ్డు కింది తూము మట్టితో మూసుకుపోయిన సంగతి దాని పక్కన పొలం ఉన్న రైతుకే తెలుసు. ఆయన లేచి “ఆ తూము పూడి చాలా కాలమైంది బాబూ” అన్నప్పుడు, ఇంజనీరు అక్కడికక్కడే పటంలో దాన్ని మూసేసి, సిమ్యులేషన్‌ను మళ్లీ నడిపి చూపించాలి.