స్టీరింగులో ‘ప్లే’ ఎక్కడున్నది?

మోటారు బండిలో ఇంజను చెడితే బండి ఆగిపోతుంది. ఆగిన బండి ఎవరి ప్రాణమూ తీయదు. స్టీరింగు అరిగితే మాత్రం బండి ఆగదు, నడుస్తూనే వుంటుంది. ప్రమాదమంతా అందులోనే వున్నది. అరుగుదల రోజుకు వెంట్రుకవాసి చొప్పున పెరుగుతుంది కాబట్టి రోజూ నడిపే మనిషి చేతులు దానికి అలవాటు పడిపోతాయి. “మా బండి అంతేనండీ, కాస్త ఊగుతుంది” అని నవ్వేస్తాడు. కొత్తవాడు పట్టుకుంటే గాని గుండె ఝల్లుమనదు.

మన సంచికలో కథలకూ కవితలకూ ఎప్పుడూ కొదవలేదు. అందుకని మెకానికల్ విద్యార్థిగా నేనొక చేతిపని సంగతి రాస్తున్నాను. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడల్లా మా పెదనాన్నగారి పికప్పు కింద దూరడం నాకు అలవాటు. నూజివీడు వైపు తోటలనుంచి మామిడికాయలు తోలే బండి అది. జీపు తరహాలో కట్టిన పాతరకం. ముందు ఇరుసు ఒకే దూలంలా అడ్డంగా వుండి కమాను కట్టల మీద కూర్చుంటుంది. పవర్ స్టీరింగు లేదు. కొత్త బండ్లలో చాలావాటికి ఏర్పాటు వేరు. అయినా ఈ పాతరకం బండ్లు మన పల్లెల్లోనూ సంతల్లోనూ ఇంకా తిరుగుతూనే వున్నాయి. ఈ వ్యాసం వాటి గురించే.

గొలుసులో లింకులు

చేతిలోని చక్రానికీ రోడ్డు మీది చక్రానికీ మధ్య ఒక పెద్ద గొలుసే వున్నది. చక్రం తిప్పితే కాలమ్ షాఫ్టు తిరుగుతుంది. అది స్టీరింగు బాక్సులోని వార్మును తిప్పుతుంది. బాక్సులోనుంచి బయటికి వచ్చిన డ్రాప్ ఆర్మ్ గడియారపు లోలకంలా ఊగుతుంది. డ్రాప్ ఆర్మ్‌ను పట్టుకుని డ్రాగ్ లింకు అనే కడ్డీ ఒక పక్క చక్రాన్ని తిప్పుతుంది. ఆ చక్రాన్నీ రెండో చక్రాన్నీ కలుపుతూ టై రాడ్ వుంటుంది. ఒక్కొక్క చక్రం తన కింగ్ పిన్ చుట్టూ, తలుపు బందు మీద తిరిగినట్టు తిరుగుతుంది. కింగ్ పిన్‌కు పైనా కిందా బుష్‌లు వుంటాయి.

కడ్డీల చివర వుండేవి బాల్ జాయింట్లు. గిన్నెలో గుండు, దాని చుట్టూ గ్రీసు, పైన రబ్బరు టోపీ. టోపీ చిరిగిందా, దుమ్మూ నీళ్ళూ లోపలికి పోయి గ్రీసు పాడవుతుంది. గుండూ గిన్నే ఒకదాన్నొకటి తినేస్తాయి. పెద్ద మరమ్మతులు చాలావరకు ఆ చిన్న రబ్బరు ముక్క దగ్గరే మొదలవుతాయన్నమాట.

ఒక్కొక్క జాయింటులో ప్లే కొంచెమే కావచ్చు. కాని అవన్నీ కూడుకుని చేతికి చేరతాయి. చేతికి తెలిసేది మొత్తం మాత్రమే. ఏ లింకు ఎంత ఇచ్చిందో చెయ్యి చెప్పలేదు. అందుకే ఊహించి సామాను మార్చడం డబ్బు దండగ, ఒక్కొక్కసారి ప్రమాదం కూడా.

చట్టం ఏమంటుంది, లెక్క ఏమంటుంది

మన దేశంలో 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలో 98వ నియమం ప్రకారం స్టీరింగు చక్రం దగ్గర వదులు 30 డిగ్రీలు దాటకూడదు. బాల్ జాయింట్లకు రబ్బరు టోపీలు వుండాలి. బోల్టులు, పిన్నులు ఊడకుండా లాక్ అయి వుండాలి. చక్రం వ్యాసం 40 సెంటీమీటర్లు అనుకుంటే 30 డిగ్రీలంటే అంచు మీద సుమారు పదిన్నర సెంటీమీటర్లు.

ఇది హద్దే గాని ఆరోగ్యం కాదు. లెక్క కట్టి చూద్దాం. మొత్తం వదులు 30 డిగ్రీలైతే మధ్యనుంచి ఒక్కొక్క వైపు 15. బాక్సు నిష్పత్తి 20కి 1 అనుకుందాం. అప్పుడు చేతి చక్రం కదలకుండానే రోడ్డు చక్రం ముప్పాతిక డిగ్రీ పక్కకు తిరగగలదు. ముందు వెనుక ఇరుసుల మధ్య దూరం రెండున్నర మీటర్లు, వేగం గంటకు 60 కిలోమీటర్లు అయితే, ఒక్క సెకనులో బండి సుమారు ముప్పాతిక మీటరు పక్కకు జరుగుతుంది. ఇరుకు రోడ్డు మీద ఎదురుగా ఆర్టీసీ బస్సు వస్తున్నప్పుడు ముప్పాతిక మీటరంటే ఏమిటో మీకు నేను చెప్పనక్కరలేదు.

పరీక్ష ఎట్లా చేయాలి

ముందు తేలిక సంగతులు చూడాలి. టైర్లలో గాలి సమంగా వుందా, వీల్ నట్లు బిగువుగా వున్నాయా, కమాను కట్టల యు-బోల్టులు, బుష్‌లు గట్టిగా వున్నాయా, స్టీరింగు బాక్సును చట్రానికి పట్టే బోల్టులు కదులుతున్నాయా? వీటిలో ఏది వదులైనా స్టీరింగు అరిగినట్టే కనిపిస్తుంది.

తరువాత టైరు మీద అరచేయి అడ్డంగా పెట్టి రాయండి. ఒక వైపు రాస్తే నున్నగా, రెండో వైపు రాస్తే రంపపు పళ్ళలా తగిలితే టో-ఇన్ తప్పినట్టు గుర్తు.

ఇప్పుడు అసలు పరీక్ష. దీనికి ఇద్దరు కావాలి. చక్రాలు నేలమీదే వుండాలి, ఇంజను ఆపి వుండాలి. ఒకరు స్టీరింగును కుడికీ ఎడమకీ మెల్లగా, చక్రాలు కదిలీ కదలనంతగా ఊపుతూ వుండాలి. రెండోవారు కింద ఒక్కొక్క జాయింటు మీద చెయ్యి వేసి పైనుంచి కిందికి రావాలి. షాఫ్టు తిరిగినా డ్రాప్ ఆర్మ్ కదలకపోతే తప్పు బాక్సులో వున్నది. డ్రాప్ ఆర్మ్ కదిలినా డ్రాగ్ లింకు కదలకపోతే ఆ జాయింటు పోయింది. ఒక చక్రం కదిలి రెండోది ఆలస్యంగా కదిలితే టై రాడ్ చివరలు చూడాలి. కన్నుకన్నా వేళ్ళకే ముందు తెలుస్తుంది.

చివరకు ముందు ఇరుసు జాకీతో ఎత్తాలి. వెనుక చక్రాలకు దిమ్మెలు వేయాలి, ఇరుసు కింద స్టాండు పెట్టాలి. ఒట్టి జాకీని నమ్మి కింద దూరకూడదు. టైరును పైనా కిందా పట్టుకుని ఊపండి. ప్లే వుంటే ఇంకొకరిని బ్రేకు తొక్కమనండి. బ్రేకు తొక్కగానే ప్లే పోతే అది హబ్ బేరింగుది. తొక్కినా మిగిలితే కింగ్ పిన్‌ది. ఇంత సులువైన పరీక్షకు ఏ పరికరమూ అక్కరలేదు.

మా బండి సంగతి

మొన్న వేసవిలో మా బండికి 50 దాటితే ముందు చక్రాలు వొణికేవి. “ఏరా, బాక్సే మార్చాలంటున్నాడు మేస్త్రీ” అన్నారు పెదనాన్నగారు. “ఉండండి పెదనాన్నా, ముందు చూద్దాం” అని మా తమ్ముణ్ణి స్టీరింగు దగ్గర కూర్చోబెట్టాను. షాఫ్టు కదిలీ కదలగానే డ్రాప్ ఆర్మ్ కదిలింది. బాక్సు బాగానే వున్నది. డ్రాగ్ లింకు ముందు చివర మాత్రం గుండు గిన్నెలో టకటకమని ఆడుతోంది. దాని టోపీ ఎప్పుడో చిరిగిపోయింది. ఎడమ చక్రం కింగ్ పిన్‌లోనూ ప్లే వున్నది. బ్రేకు తొక్కినా పోలేదు. ఆ రెండూ మార్పించాం. వొణుకు ఆగింది. బాక్సు ఈనాటికీ అదే.

బాక్సుకు వుండే సర్దుబాటు స్క్రూ గురించి ఒక మాట. చక్రం వదులనిపించగానే ఆ స్క్రూ తిప్పేసేవాళ్ళు వున్నారు. బాక్సు ఎక్కువగా అరిగేది మధ్యలో, అనగా బండి తిన్నగా పోయే చోట. ఆ వదులు పోయేదాకా బిగిస్తే, అరగని చోట, అంటే మలుపుల్లో, అది పట్టేస్తుంది. మలుపు తిప్పిన చక్రం తిరిగి తనంతట రాదు. జాయింటులో వున్న తప్పుకు బాక్సును బిగించడమంటే చెప్పు కరిచిందని టోపీ మార్చినట్టే. ఆ స్క్రూ అన్నిటికన్నా చివర ముట్టుకోవలసింది.

మార్చే పద్ధతి

టై రాడ్ చివర మార్చేముందు పాతదాని పొడవు కొలిచి రాసుకోవాలి. విప్పేటప్పుడు ఎన్ని చుట్లు వచ్చిందో లెక్కపెట్టాలి. స్ప్లిట్ పిన్ తీసి, నట్టు పూర్తిగా తీయకుండా కొన్ని చుట్లు వదులు చేయాలి. గుండు కాడ ఏటవాలు రంధ్రంలో బిగుసుకుని వుంటుంది. మరలు మీద కొడితే మరలు పోతాయే గాని కాడ రాదు. రంధ్రం వున్న కన్నుకు ఒక పక్క బరువైన సుత్తి ఆన్చి, రెండో పక్క గట్టిగా ఒక దెబ్బ వేస్తే ఊడి వస్తుంది. కొత్తది ఎక్కించాక నట్టు గాడి స్ప్లిట్ పిన్ రంధ్రానికి ఎదురు రాకపోతే ఇంకొంచెం బిగించాలి తప్ప వదులు చేయరాదు. స్ప్లిట్ పిన్ ప్రతిసారీ కొత్తదే వేయాలి.

అరిగిన జాయింటుకు వెల్డింగు పెట్టడం, వంగిన కడ్డీని కొట్టి సరిచేయడం వద్దు. అది నడుస్తూ విరిగితే చేతిలో చక్రం వుంటుంది గాని బండి వుండదు.

కింగ్ పిన్ పని మాత్రం వర్క్‌షాపుదే. కొత్త బుష్‌లు రెండూ ఒకే వరుసలో వచ్చేట్టు రీమరుతో కోయాలి. విడివిడిగా కోస్తే పిన్ను పట్టేస్తుంది. మన విజయవాడ ఆటోనగర్ వంటి చోట ఈ పనిలో చేయి తిరిగిన మేస్త్రీలు వున్నారు.

ఏ కడ్డీ మార్చినా టో-ఇన్ చూసుకోవాలి. రెండు టైర్ల మధ్య గీతలకు సుద్దతో గుర్తులు పెట్టి, చక్రం మధ్య ఎత్తులో వెనుక కొలిచి, ఆ గుర్తులే ముందుకు వచ్చేలా బండిని అర చుట్టు నెట్టి మళ్ళీ కొలవాలి. ముందు కొలత కొద్ది మిల్లీమీటర్లు తక్కువుండాలి. ఎంతన్నది ఆ బండి పుస్తకంలో వుంటుంది. టై రాడ్‌కు ఒక చివర కుడి మర, రెండో చివర ఎడమ మర. అందుచేత కడ్డీని తిప్పితే చాలు, పొడవు మారుతుంది.

మలుపులో లోపలి చక్రం బయటిదానికన్నా ఎక్కువ తిరగాలన్న సూత్రం మనం ఆకర్‌మన్ పేరుతో చదువుకున్నాం. మ్యూనిక్‌లో గుర్రపుబండ్లు కట్టే లాంకెన్‌స్పెర్గర్ 1817లో కనిపెట్టగా, ఇంగ్లండులో ఆకర్‌మన్ 1818లో పేటెంటు తీసుకున్నాడు. పరీక్షలో ఈ బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నవాళ్ళం, అదే బొమ్మ మన ఇంటి బండి కింద గ్రీసు పూసుకుని వున్నదని ఒక్కసారి వంగి చూస్తే బాగుంటుంది.

సోదర విద్యార్థులకు నా మనవి ఒక్కటే. ఈసారి ఇంటికి వెళ్ళినప్పుడు మీ ఇంట్లోనో పక్కింట్లోనో పాత బండి వుంటే, ఒకరిని స్టీరింగు దగ్గర కూర్చోబెట్టి మీరు కింద చూడండి. అరగంట పని. రబ్బరు టోపీ చిరిగి వుంటే ఆ రోజే చెప్పండి. ఆ బండి ఎక్కి రేపు సంతకు పోయేవాళ్ళు మనవాళ్ళే.