కర్ణుడు ఈసారి ఎటువైపు?

‘కల్కి 2898 ఏడీ’ రెండో భాగం మీద అభిమానుల అంచనాలకు అంతులేదు. వాటిలో బలమైనవన్నీ మహాభారతం దగ్గరికే దారి తీస్తున్నాయి.

కాంప్లెక్స్‌ లోపల, ట్యూబుల మధ్య ప్రాణం నిలుపుకొంటూ వస్తున్న సుప్రీం యాస్కిన్‌ ఒంట్లోకి ఒక్క చుక్క సీరం ఎక్కుతుంది. ఎండిపోయిన శరీరానికి బలం వస్తుంది. చెయ్యి చాచి గాండీవం ఎత్తుతాడు. శ్రీశ్రీ కవిత అందుకుంటాడు. 2024 జూన్‌ 27న విడుదలైన ‘కల్కి 2898 ఏడీ’ ప్రేక్షకుణ్ని ఈ దృశ్యం దగ్గర వదిలిపెట్టింది.

అర్జునుడి విల్లు ప్రతినాయకుడి చేతికి వెళ్లింది. అర్జునుడి బాణానికి కూలిన కర్ణుడు కథానాయకుడిలో మేల్కొన్నాడు. ఒకప్పుడు కడుపులోని శిశువు మీద అస్త్రం వేసిన అశ్వత్థామ ఇప్పుడు కడుపులోని శిశువుకు కాపలా కాస్తున్నాడు. దర్శకుడు నాగ్‌ అశ్విన్‌ కురుక్షేత్రాన్ని తిరగేసి మన ముందు పెట్టారు. ఆ రోజు మొదలైన చర్చ ఇంకా ఆగలేదు. టీ కొట్టు దగ్గర, హాస్టల్‌ గదుల్లో, డల్లాస్‌లో తెలుగువాళ్ల వారాంతపు విందుల్లో ‘తర్వాత ఏమవుతుంది’ అన్న మాట మీద గంటలు గడిచిపోతున్నాయి.

తెలుగు ప్రేక్షకుడికి ఇలాంటి ఎదురుచూపు కొత్త కాదు. 2015 జులై 10న ‘బాహుబలి’ వచ్చింది. కట్టప్ప ఎందుకు చంపాడో తెలుసుకోవడానికి 2017 ఏప్రిల్‌ 28 దాకా దేశమంతా ఆగింది. అక్కడ ప్రశ్న ఒక్కటే, జవాబూ ఒక్కటే. ‘కల్కి’ విషయం వేరు. ఇక్కడ ముగింపు మనకు ముందే తెలుసు. కల్కి పుడతాడు, కలి అంతమవుతాడు. భాగవతం చెప్పిందీ అదే. కాబట్టి అభిమాని ఊహ ‘ఏం జరుగుతుంది’ దగ్గర ఆగదు. ‘ఎవరి వల్ల జరుగుతుంది, ఎందుకు వాళ్ల వల్లే జరగాలి’ అన్న చోటికి వెళుతుంది. పురాణ కాలక్షేపంలో కూర్చున్న మన పెద్దలు అడిగిన ప్రశ్నలు కూడా ఇవే.

భైరవుడికి కావలసిందేమిటి?

మొదటి భాగంలో కథానాయకుడు భైరవుడు ధర్మం కోసం ఒక్క అడుగూ వేయడు. పది లక్షల యూనిట్లు కూడబెట్టాలి, కాశీ దుమ్ములోంచి బయటపడి యాస్కిన్‌ ఏలే కాంప్లెక్స్‌లో అడుగు పెట్టాలి. అతని లక్ష్యం అంతే. ఆ యూనిట్ల కోసమే కల్కిని కడుపులో మోస్తున్న సుమతిని వేటాడతాడు. చాలామందికి ఇది హీరో పాత్రకు తగని స్వార్థంలా కనిపించింది. కర్ణుడి కథతో పోల్చి చూస్తే అందులోని ఆలోచన తెలుస్తుంది.

హస్తినాపురంలో కుమారాస్త్ర విద్యా ప్రదర్శన గుర్తు చేసుకోండి. అర్జునుడితో తలపడతానన్న కర్ణుణ్ని కృపాచార్యుడు నీ తల్లిదండ్రులెవరు, నీ వంశమేది అని అడిగాడు. కర్ణుడు తల దించుకున్నాడు. ఆ క్షణంలో దుర్యోధనుడు అంగరాజ్యమిచ్చి ఆదుకున్నాడు. తనకు తలుపు తెరిచినవాడి కోసం కర్ణుడు చివరిదాకా నిలబడ్డాడు. ఆ సభను తెలుగువాళ్లకు కళ్లకు కట్టించిన సినిమా 1977లో ఎన్టీఆర్‌ తీసిన ‘దానవీరశూరకర్ణ’. కర్ణుడు, సుయోధనుడు, కృష్ణుడు ముగ్గురూ ఆయనే. ఆ సినిమా చూస్తూ పెరిగిన తరాలకు కర్ణుడంటే గడప దగ్గర ఆగిపోయిన మనిషి.

భైరవుడు కూడా ఒక గడప బయటే నిలబడ్డాడు. లోపలికి రానిచ్చే అధికారం యాస్కిన్‌ది. అంటే అంగరాజ్యం లాంటి ఎర మళ్లీ కర్ణుడి ముందుకొచ్చింది.

యాస్కిన్‌ కలి అయితే...

అభిమానుల అంచనాల్లో ఎక్కువమంది ఒప్పుకునేది ఇదే: కమల్‌హాసన్‌ పోషించిన యాస్కిన్‌లో కలిపురుషుడున్నాడు. మొదటి భాగంలో ఆయన కనిపించింది కొద్ది నిమిషాలే. అసలు విశ్వరూపం రెండో భాగం కోసమే దాచారన్నది వాళ్ల నమ్మకం. నేనూ అదే అనుకుంటున్నాను. అయితే ఈ ఊహను ఇంకొంచెం ముందుకు తీసుకెళ్లాలి.

ఆదిపర్వంలోని అంశావతరణ ఘట్టం ఎవరెవరు ఏ దేవతల, ఏ అసురుల అంశతో పుట్టారో చెబుతుంది. అందులో దుర్యోధనుడు కలి అంశ. అంటే కర్ణుడు గత జన్మలో ప్రాణమిచ్చింది కలి అంశతో పుట్టిన స్నేహితుడికి. యాస్కిన్‌ నిజంగా కలి అయితే, భైరవుడు ఎదుర్కోబోయేది తన పాత మిత్రుడి మూలాన్నే. అప్పుడు కృతజ్ఞతకు కట్టుబడి ధర్మాన్ని వదులుకున్నాడు. ఇప్పుడు అదే శక్తి కాంప్లెక్స్‌ తలుపు తెరిచి రమ్మంటే ఏం చేస్తాడు? రెండో భాగానికి ఇంతకంటే పెద్ద ప్రశ్న ఉండదు.

గాండీవం సంగతీ చూడాలి. మహాప్రస్థాన సమయంలో అగ్నిదేవుడు అడిగితే అర్జునుడు ఆ విల్లును నీళ్లలో విడిచాడు. వరుణుడిది వరుణుడికి చేరింది. ‘కల్కి’ లోకంలో గంగ ఎండిపోయింది. నీటిలో దాచినవన్నీ నేల మీదికి వచ్చే కాలమది. విల్లు యాస్కిన్‌ దాకా ఎలా వచ్చిందో రెండో భాగం చెబితే, ఆ కథ నీటి దగ్గరే మొదలవుతుందని ఊహించడానికి అవకాశం ఉంది.

అశ్వత్థామకు దొరికిన రెండో అవకాశం

అమితాబ్‌ బచ్చన్‌ అశ్వత్థామ మొదటి భాగానికి వెన్నెముక. సౌప్తిక పర్వంలో అతను చేసిన పని భారతకథలోనే అతి క్రూరమైనది. నిద్రపోతున్నవాళ్లను చంపాడు. ఉత్తర గర్భం మీదికి అస్త్రం మళ్లించాడు. మూలంలో కృష్ణుడి శాపం 3,000 ఏళ్లు. సినిమా దాన్ని కలియుగాంతం దాకా పొడిగించి, కల్కికి రక్షణగా నిలవడమే ప్రాయశ్చిత్తమని చెప్పింది.

ఆనాడు కృష్ణుడు బతికించిన శిశువు పరీక్షిత్తు. భాగవతం ప్రథమ స్కంధంలో కలిని నిలదీసి, జూదం, మద్యం, హింస, బంగారం వంటి కొన్ని చోట్లకే పరిమితం చేసిన రాజు అతనే. అశ్వత్థామ చంపాలనుకున్న బిడ్డ కలికి హద్దు గీశాడు. ఇప్పుడు అశ్వత్థామ కాపాడుతున్న బిడ్డ ఆ కలిని అంతం చేయాలి. ఈ రెండు గర్భాలను కలిపే సన్నివేశం రెండో భాగంలో ఉంటే అశ్వత్థామ కథకు నిండుదనం వస్తుంది. శాపవిముక్తి దొరికి అతను మరణిస్తాడా అన్నది అభిమానులను బాగా కలవరపెడుతున్న ప్రశ్న. చావు అతనికి వరమే కాబట్టి, ఆ ముగింపు కన్నీళ్లు పెట్టించినా న్యాయంగానే ఉంటుంది.

చిరంజీవులు ఇంకెవరు?

అశ్వత్థామ, బలి, వ్యాసుడు, హనుమంతుడు, విభీషణుడు, కృపుడు, పరశురాముడు. ఈ ఏడుగురూ చిరంజీవులని మన నమ్మకం. ఒకరు వచ్చారు కాబట్టి మిగిలినవాళ్లూ రావచ్చన్నది అందరి లెక్క. ఏ పాత్రకు ఏ స్టార్‌ అన్న జాబితాలు రోజుకొకటి పుడుతున్నాయి. మొదటి భాగంలో ముఖం చూపించని కృష్ణుడి విషయంలోనూ అంతే. ఇవి సరదా ఊహలు. కథకు అవసరమైన రాకలు మాత్రం రెండే.

మొదటిది పరశురాముడు. కల్కి పురాణం ప్రకారం కల్కికి విద్య నేర్పే గురువు ఆయనే. కర్ణుడికీ ఆయనే గురువు. కర్ణుడి చేతిలోని విజయధనుస్సు ఆయన ఇచ్చిందే. అబద్ధం చెప్పి విద్య నేర్చాడని తెలిసి, అవసరమైన వేళ బ్రహ్మాస్త్రం గుర్తుకు రాదని శపించిందీ ఆయనే. మొదటి భాగం క్లైమాక్స్‌లో చేతిలోకి వచ్చిన కర్ర విల్లుగా మారి, భైరవుడిలో కర్ణుడు నిలిచింది కొద్దిసేపే. ఆ తర్వాత తానెవరో అతనికి తెలియదు. ఈ మరపు ఆ శాపానికి కొనసాగింపు కావచ్చు. అదే నిజమైతే శాపం తీసేయగలిగిన గురువు రాక తప్పదు.

రెండోవాడు కృపాచార్యుడు. అశ్వత్థామకు మేనమామ. కర్ణుణ్ని నిండు సభలో పుట్టుక అడిగిన మనిషి. అన్ని మతాలవాళ్లూ ఒక్కచోట బతికే శంబలలో ఆయన కర్ణుడి ఎదుట నిలబడి మాట్లాడే సన్నివేశం రాస్తే, ఏ పోరాట దృశ్యమూ దాని ముందు నిలవదు.

సుమతి లేకుండా కథ లేదు

2025 సెప్టెంబర్‌ 18న వైజయంతీ మూవీస్‌ ఒక ప్రకటన చేసింది. సుమతిగా నటించిన దీపికా పదుకొణె రెండో భాగంలో ఉండటం లేదన్నది దాని సారాంశం. అభిమానుల లెక్కలన్నీ ఒక్కసారిగా మారిపోయాయి. పాత్రను మరో నటి పోషిస్తుందని కొందరు, కథ కొన్నేళ్లు ముందుకు దూకి పెరిగిన కల్కిని చూపిస్తుందని కొందరు, తల్లి త్యాగంతో కథ మొదలవుతుందని మరికొందరు అంటున్నారు.

కల్కి పురాణంలో శంబలలో పుట్టే కల్కికి తల్లి సుమతి, తండ్రి విష్ణుయశుడు. సినిమాలో ఆమె మొదట ల్యాబ్‌లో సమ్‌-80 అనే నంబరు. కాంప్లెక్స్‌ ఆమెను మనిషిగా చూడలేదు. శంబల చూసింది. నంబరు నుంచి పేరు దాకా, పేరు నుంచి తల్లి దాకా సాగిన ఆ ప్రయాణం మొదటి భాగంలో మనసును తాకిన అంశం. నటి మారవచ్చు, ముఖం మారవచ్చు. పాత్రను మాత్రం సగంలో చంపేసి పక్కన పెడితే కల్కి కథకు పునాదే కదులుతుంది. తండ్రి ఎవరన్న ప్రశ్నకూ జవాబు రావాలి.

తెలుగు నేల మీద కల్కి

కల్కి మనకు సంస్కృత గ్రంథాల్లోనే లేడు. కడప జిల్లాలో బ్రహ్మంగారి మఠం చుట్టూ అల్లుకున్న కాలజ్ఞాన సంప్రదాయంలో, వీరభోగ వసంతరాయలుగా తిరిగి వస్తానని పోతులూరి వీరబ్రహ్మేంద్ర స్వామి చెప్పినట్టు జనం తరతరాలుగా చెప్పుకుంటున్నారు. భవిష్యత్తులో ధర్మం నిలబెట్టే ఒకడు వస్తాడన్న ఆశ మన పల్లెల్లో తత్వాలుగా, పాటలుగా బతికింది.

తెలుగు తెరకు కాలయానం కూడా పాత చుట్టమే. 1991లో సింగీతం శ్రీనివాసరావు ‘ఆదిత్య 369’తో బాలకృష్ణను కృష్ణదేవరాయల కాలానికీ, 2504వ సంవత్సరానికీ పంపారు. ఆ సినిమా సీక్వెల్‌ కోసం మూడు దశాబ్దాలు దాటినా అభిమానులు చూస్తూనే ఉన్నారు. ‘కల్కి’ ప్రయాణంలో నాగ్‌ అశ్విన్‌ పక్కన మార్గదర్శకుడిగా నిలబడింది ఆ సింగీతమే. ఇక సినిమా పేరులోని 2898 సంగతి. క్రీస్తుపూర్వం 3102లో మొదలైన కలియుగానికి పురాణాల లెక్క 4,32,000 ఏళ్లు. దాన్ని 6,000 ఏళ్లకు కుదించి 2898 దగ్గర నిలబెట్టడం కథకుడి స్వేచ్ఛ. ఆ కుదింపుకు కారణం కూడా కథలోంచే చెప్పగలిగితే పండితుడూ, పదేళ్ల పిల్లాడూ ఇద్దరూ తృప్తి పడతారు.

ఊహను ఊహగానే ఉంచుదాం

సినిమా గురించి ఊహించడం మంచి అలవాటు. ‘కల్కి’ చూశాక అంశావతరణం వెతికి చదివిన కుర్రాడు, అశ్వత్థామ శాపం ఎన్నేళ్లని తాతయ్యను అడిగిన పిల్ల చేస్తున్నది సాహిత్య పఠనమే. దాన్ని చెడగొట్టేవి వేరే ఉన్నాయి. ఏఐతో చేసిన నకిలీ పోస్టర్లు, లేని విడుదల తేదీలు, షూటింగ్‌ స్పాట్‌ నుంచి దొంగచాటుగా తీసిన దృశ్యాలు, నచ్చని నిర్ణయం తీసుకున్న నటి మీదో నిర్మాత మీదో కురిపించే బూతులు. వీటిలో దేనికీ అభిమానం అన్న పేరు చెల్లదు. చేతికొస్తే ఇంకొకరికి పంపకండి.

రెండో భాగం గెలుపు గ్రాఫిక్స్‌తోనో, అతిథి పాత్రల సంఖ్యతోనో తేలదు. కాంప్లెక్స్‌ తలుపు తెరుచుకున్న రోజున భైరవుడు లోపలికి నడుస్తాడా, వెనక్కి తిరిగి శంబల వైపు వస్తాడా అన్నదానితో తేలుతుంది. ఆ ఒక్క నిర్ణయాన్ని నమ్మేలా రాస్తే చాలు, నాగ్‌ అశ్విన్‌ కర్ణుడి బాకీ తీర్చినట్టే. సినిమా వచ్చేలోపు ఆదిపర్వం, సౌప్తిక పర్వం ఒకసారి చదవండి. మీ అంచనా మరింత పదునెక్కుతుంది.