పాత ల్యాప్‌టాప్‌కి లినక్సా, కొత్తగా మ్యాకా?

ఆత్మకూరు, వింజమూరు, ఉదయగిరి వైపు కంప్యూటరు కొనేవాళ్లు అందులో ఆపరేటింగ్ సిస్టమ్ ఏదని అడగడం నిన్నమొన్నటిదాకా లేదు. నెల్లూరు ట్రంకురోడ్డులో కొన్నా, బెంగళూరులో ఉద్యోగం చేసే కొడుకు పంపినా దాంట్లో విండోస్ ఉండేది. లేకపోతే షాపులోనే వేసి ఇచ్చేవాళ్లు. ఆ అలవాటుకు 2025 అక్టోబరు 14న గండి పడింది. ఆ రోజుతో విండోస్ 10కి మామూలుగా వచ్చే భద్రతా అప్‌డేట్లను మైక్రోసాఫ్ట్ ఆపేసింది. కొన్ని షరతుల మీద ఇంకో ఏడాది గడువు ఇచ్చింది గానీ, అది వాయిదా మాత్రమే.

పోనీ విండోస్ 11 వేయించుకుందామంటే, కంపెనీ నిబంధన ప్రకారం ఇంటెల్‌లో దాదాపు ఎనిమిదో తరం నుంచి ఉన్న ప్రాసెసరు కావాలి, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలి. 2016, 2017 నాటి ల్యాప్‌టాప్‌లు చాలావరకు ఈ గీత దాటలేవు. "దీనికి పదకొండు ఎక్కదు అబ్బయా, కొత్తది చూసుకో" అని షాపువాడు అంటాడు. అక్కణ్నుంచి మొదలవుతుంది చర్చ. ఇంట్లో ఇంజనీరింగ్ చదివే పిల్లవాడు లినక్స్ అంటాడు. బెంగళూరు అన్న మ్యాక్ కొనిపెడతానంటాడు. డబ్బు పెట్టాల్సిన తండ్రికి రెండు మాటలూ కొత్తే.

లినక్స్ నిజానికి అంత కొత్తదేం కాదు. 2022 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌లు ఇచ్చింది గుర్తుందా? వాటిలో ఉన్నది ఆండ్రాయిడ్. ఆండ్రాయిడ్ అడుగున ఉన్నది లినక్స్ కెర్నల్. అంటే ఉదయగిరి ప్రభుత్వ బడి పిల్లలు పేరు తెలియకుండానే లినక్స్ వాడారు. అమ్మచేతిలోని వాట్సాప్ ఫోనూ అంతే.

కెర్నల్ అంటే యంత్రానికీ మనం వాడే ప్రోగ్రాములకూ నడుమ నిలబడి మెమరీ, డిస్కు, కీబోర్డు, నెట్‌వర్కు పంపకం చూసే భాగం. 1991 ఆగస్టులో ఫిన్‌లాండ్ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ దీన్ని రాస్తున్నానని ప్రకటించాడు. అంతకుముందే 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ మొదలుపెట్టిన గ్నూ ప్రాజెక్టు పనిముట్లు దానికి తోడయ్యాయి. ఎవరైనా చూడొచ్చు, మార్చొచ్చు, పంచొచ్చు అనే లైసెన్సు కింద ఉండటంతో ఒక్కో బృందం ఒక్కో రకంగా దాన్ని సర్ది ఇచ్చింది. డెబియన్, ఉబుంటు, మింట్ అని వినిపించే పేర్లన్నీ ఇవే. బియ్యం ఒకటే, పులిహోర వేరు, పొంగలి వేరు. మన ప్రభుత్వ సంస్థ సీడ్యాక్ తయారుచేసిన బాస్ లినక్స్ కూడా డెబియన్ మీద కట్టిందే. హైదరాబాదు కేంద్రంగా నడిచే 'స్వేచ్ఛ' సంస్థ డెబియన్‌నే తీసుకుని మెనూలు తెలుగులో కనిపించేలా సిద్ధం చేసింది.

మ్యాక్‌ది మరో కథ. 1984లో మొదటి మెకింటాష్ వచ్చినా, ఇప్పుడు మనం చూసే మ్యాక్ ఓఎస్‌కు పునాది 2001లో వచ్చిన మ్యాక్ ఓఎస్ టెన్. దాని మూలం యూనిక్స్. లినక్స్ కూడా 1969లో బెల్ ల్యాబ్స్‌లో పుట్టిన ఆ యూనిక్స్ పద్ధతినే అనుసరించింది. అందుకే నల్లతెర టెర్మినల్‌లో కొట్టే మామూలు ఆదేశాలు రెండింటిలోనూ దాదాపు ఒకటే. కంప్యూటర్ సైన్స్ విద్యార్థి ఒకదానిలో నేర్చుకున్నది రెండోదానిలో వృథా కాదు. ఈ మాట ముందే చెప్పడం ఎందుకంటే, పిల్లవాడి చదువు కోసం మ్యాక్ తప్పదని ఎవరైనా ఒత్తిడి చేస్తే నమ్మనక్కర్లేదు. పైథాన్, సీ, జావా అన్నీ లినక్స్‌లో ఉచితంగా వస్తాయి. ప్రపంచంలోని అతివేగపు 500 కంప్యూటర్ల జాబితాలో 2017 నవంబరు నుంచి ఉన్నవన్నీ లినక్స్‌వే. మ్యాక్ తప్పనిసరి అయ్యే ఒక్క మినహాయింపు ఐఫోన్ యాప్‌లు. వాటిని తయారుచేసే ఎక్స్‌కోడ్ మ్యాక్ మీదే నడుస్తుంది.

అసలు తేడా చేతికి వచ్చే పద్ధతిలో ఉంది. మ్యాక్ ఓఎస్‌ను ఆపిల్ విడిగా అమ్మదు. దాని యంత్రం కొంటేనే అది వస్తుంది. లినక్స్‌కు కొత్త యంత్రంతో పని లేదు, మీ బీరువా మీద దుమ్ము పట్టిన దాంట్లోకే అది వస్తుంది. ఒకటి లక్ష రూపాయల నిర్ణయం, రెండోది ఒక పెన్‌డ్రైవ్ నిర్ణయం. 2025 మార్చిలో వచ్చిన ఎం4 మ్యాక్‌బుక్ ఎయిర్ విడుదల ధర మన దేశంలో 99,900 రూపాయలు. ఎం4 మ్యాక్ మినీ 59,900కే వచ్చింది గానీ దానికి మానిటరు, కీబోర్డు మనమే తెచ్చుకోవాలి. కరెంటు పోతే ఆగకుండా యూపీఎస్సో ఇన్వర్టరో ఉండాలి.

కాబట్టి పెన్‌డ్రైవ్ పని ముందు చూద్దాం. దీన్ని కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లు భయపడేది ఇక్కడే.

లినక్స్‌ను కంప్యూటరులో దించకుండానే నడిపి చూడొచ్చు. లినక్స్ మింట్ వెబ్‌సైటు నుంచి సుమారు మూడు జీబీ ఫైలు దించుకోవాలి. పాత యంత్రమైతే ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలిక రకం ఎంచుకోండి. రూఫస్ లేదా బలీనా ఎచర్ అనే ఉచిత ప్రోగ్రాముతో దాన్ని 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాలి. పెన్‌డ్రైవ్‌లో అంతకుముందున్నదంతా పోతుంది, గుర్తుంచుకోండి. దాన్ని ల్యాప్‌టాప్‌కు పెట్టి, ఆన్ చేస్తూనే ఎఫ్12 గానీ ఎఫ్9 గానీ ఎస్కేప్ గానీ (కంపెనీని బట్టి మారుతుంది) నొక్కితే దేని నుంచి మొదలవ్వాలని అడుగుతుంది. పెన్‌డ్రైవ్ ఎంచుకుంటే రెండు మూడు నిమిషాల్లో మింట్ తెర ముందు ఉంటుంది. మీ విండోస్ ఎక్కడిది అక్కడే ఉంటుంది.

అప్పుడు పరీక్ష పెట్టండి. వైఫై పట్టుకుందా? యూట్యూబ్‌లో శబ్దం వస్తోందా? కెమెరా, బ్లూటూత్, మూత వేస్తే నిద్రపోయి తీస్తే లేవడం ఎలా ఉన్నాయి? కొన్ని వైఫై చిప్‌లకు డ్రైవరు తర్వాత వేసుకోవాలి. అలాంటప్పుడు ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ పెడితే నెట్ వస్తుంది. ఇన్‌స్టాల్ చేసేది ఇవన్నీ చూశాకే. పెన్‌డ్రైవ్ నుంచి నడుస్తున్నప్పుడు కాస్త నెమ్మదిగా ఉంటుంది, దాన్ని బట్టి తీర్పు చెప్పకండి. పాత ల్యాప్‌టాప్‌లో తిరిగే హార్డ్‌డిస్కు ఉంటే దాన్ని తీసేసి ఎస్ఎస్‌డీ వేయించండి. మీరు ఏ ఆపరేటింగ్ సిస్టమ్ వేసినా యంత్రానికి ప్రాణం పోసేది అదే. మింట్‌కు 2 జీబీ ర్యామ్ కనీసం, 4 జీబీ ఉంటే హాయి, బ్రౌజరులో పది ట్యాబ్‌లు తెరిచేవాళ్లకు 8 ఉండాలి.

జిరాక్స్ షాపుల్లో పెన్‌డ్రైవ్ పెట్టి తీస్తే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారిపోయే వైరస్ తెలియనివాళ్లు లేరు. అది విండోస్ కోసం రాసింది, లినక్స్‌లోనూ మ్యాక్‌లోనూ నడవదు. అయితే మ్యాక్ కొనేవాళ్లకు ఇంకో చిక్కుంది. విండోస్‌లో ఎన్‌టీఎఫ్ఎస్ పద్ధతిలో ఫార్మాట్ చేసిన హార్డ్‌డిస్కులోని ఫైళ్లను మ్యాక్ చదువుతుంది గానీ, వేరే ప్రోగ్రాము వేసుకోకపోతే దాంట్లోకి రాయలేదు. లినక్స్‌కు ఆ పట్టింపు లేదు.

ఇక తెలుగు. నెల్లూరు జిల్లాలో పత్రికకు ఒక ఉత్తరం రాయాలన్నా, బడికి ప్రశ్నాపత్రం కొట్టాలన్నా ఇదే ముఖ్యం. రెండింటిలోనూ యూనికోడ్ తెలుగు బాగుంది. మ్యాక్‌లో కోహినూర్ తెలుగు వంటి అందమైన ఫాంట్లు ముందే ఉంటాయి, తెలుగు కీబోర్డును సెట్టింగుల్లో చేర్చుకోవచ్చు. లినక్స్‌లో ఐబస్ అనే ఏర్పాటుతో ఇన్‌స్క్రిప్ట్‌లోనో, ఆంగ్ల అక్షరాలతో కొట్టే ఆర్‌టీఎస్ పద్ధతిలోనో టైపు చేయొచ్చు. సిలికానాంధ్ర చొరవతో వచ్చిన మండలి, సూరన్న, గిడుగు, రామభద్ర ఫాంట్లు ఉచితమే, రెండింటిలోనూ పనిచేస్తాయి. ఖరీదైన కంపెనీ తెలుగును ఎప్పుడూ చక్కగా చూసుకుంటుందని మాత్రం అనుకోవద్దు. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అక్షరం ఒక విధమైన కోడ్ కూర్పుతో సందేశంలో వస్తే చాలు, ఐఫోన్లలోనూ మ్యాక్‌లలోనూ ఆ సందేశం చూపే యాప్‌లు కుప్పకూలాయి. ఆ నెలలోనే ఆపిల్ అప్‌డేట్ ఇచ్చి సరిచేసింది.

కానీ డీటీపీ పని వేరు. పెళ్లిపత్రికలు, కరపత్రాలు కొట్టే షాపుల్లో ఇప్పటికీ నడిచేది అను ఫాంట్లు, పేజ్‌మేకర్. అది విండోస్ లోకం. అనులో యాపిల్ కీబోర్డు అనే అమరిక కూడా ఉంది, వేళ్లకు అదే అలవాటైన ఆపరేటర్లు ఎందరో. ఆ పేరు చూసి మ్యాక్ కొంటే అక్కరకు రాదు. అను అక్షరాలు యూనికోడ్ కావు. ఆ ఫైలు మామూలుగా లినక్స్‌లో తెరిస్తే గజిబిజి గుర్తులు వస్తాయి. మార్చే కన్వర్టర్లు ఉన్నాయి గానీ రోజూ బేరం నడిచే షాపులో వాటితో కుస్తీ పట్టలేరు. ట్యాలీ మీద లెక్కలు రాసే ఎరువుల దుకాణానిదీ ఇదే పరిస్థితి, ట్యాలీ ప్రైమ్ విండోస్ కోసం చేసిందే. ఫ్లెక్సీ, ఫోటో స్టూడియోవాళ్లకు ఫొటోషాప్ మ్యాక్‌లో ఉంది, లినక్స్‌లో లేదు. వేలిముద్ర యంత్రాలు పెట్టుకునే సేవాకేంద్రాలవాళ్లు ఆ యంత్రం డ్రైవరు దేనికి దొరుకుతుందో అమ్మినవాణ్ని అడిగాకే కదలాలి. ఇలాంటి పనితో కుటుంబం గడుస్తుంటే లినక్సూ వద్దు, మ్యాకూ వద్దు. విండోస్ 11 ఎక్కే సెకండ్‌హ్యాండ్ సిస్టమ్ కొనుక్కోండి. ఈ మాట చెప్పడానికి లినక్స్ అభిమానులు మొహమాటపడతారు, నాకు ఆ మొహమాటం లేదు.

ప్రింటరు సంగతీ ఇక్కడే. చిన్న ఊళ్ల షాపుల్లో ఎక్కడ చూసినా కనిపించే కేనన్ ఎల్‌బీపీ 2900 తనదైన పద్ధతిలో మాట్లాడుతుంది, లినక్స్‌లో దాన్ని దారికి తేవాలంటే ఓపిక కావాలి. హెచ్‌పీ ప్రింటర్లకు ఆ కంపెనీయే లినక్స్ కోసం డ్రైవర్ల కట్ట ఇస్తోంది, చాలావరకు తగిలించగానే పనిచేస్తాయి.

మరి ఉదయగిరి చెక్క గరిటెలు, చెంచాలు చేసే ఇల్లు తీసుకోండి. 2015లో భౌగోళిక గుర్తింపు వచ్చిన పని అది. అలాంటి ఇంట్లో కంప్యూటరు దేనికి? సరుకు ఫోటోలు సర్దడానికి, ఆర్డర్ల ఈమెయిళ్లకు, బిల్లులకు, జీఎస్టీ పోర్టల్‌కు. ఇందులో దాదాపు అన్నీ బ్రౌజరులో జరిగే పనులు. ఫోటోలకు గింప్, లెక్కల పట్టికకు లిబ్రే ఆఫీస్ చాలు. అక్కడ లక్ష పెట్టి మ్యాక్ కొనమనడం అన్యాయం. ఆ డబ్బుతో కొయ్య కొనుక్కోవచ్చు.

మ్యాక్‌కు న్యాయం చేయాలంటే దాని బలం కూడా చెప్పాలి. ఎయిర్ రకంలో ఫ్యాను ఉండదు, కాబట్టి దాని గుండా దుమ్ము లోపలికి పోయే దారీ లేదు. బ్యాటరీ వీడియో చూస్తే 18 గంటల వరకు అని కంపెనీ లెక్క. అందులో సగం వచ్చినా వేసవి కరెంటు కోతలకు అది గొప్పే. వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లకు మ్యాక్ పనిమంతురాలు. కానీ ర్యామ్ తర్వాత పెంచుకోలేరు, కొన్నప్పుడు ఎంత ఉంటే అంతే. ఆపిల్ సొంతంగా నడిపే దుకాణాలు 2023లో ముంబై, ఢిల్లీల్లో మొదలై 2025లో బెంగళూరు, పుణెలకు వచ్చాయి. తెర పగిలిందంటే ఆత్మకూరు మెకానిక్కు చేయగలిగింది తక్కువ. నెల్లూరు సుమారు అరవై కిలోమీటర్లు, ఉదయగిరి నుంచైతే వంద దాకా. కొనేముందు దగ్గరలో అధీకృత సర్వీసు ఎక్కడుందో కనుక్కోవాలి.

బెంగళూరు నుంచి తక్కువ ధరకు వచ్చే పాత మ్యాక్‌బుక్‌ల విషయంలో మరీ జాగ్రత్త. ఇంటెల్ ప్రాసెసరు ఉన్న మ్యాక్‌లలో, అదీ కొన్నింటిలోనే, పనిచేసే చివరి మ్యాక్ ఓఎస్ 2025లో వచ్చిన తహో అని ఆపిల్ ప్రకటించింది. 2020 చివర వచ్చిన ఎం1, ఆ తర్వాతి చిప్‌లు ఉన్నవే తీసుకోండి. పాత యజమాని ఖాతా తాళం గానీ, ఆఫీసు పెట్టిన నియంత్రణ గానీ తీసేశారో లేదో ఎదురుగా చూసుకోండి. ఇప్పటికే ఇంటెల్ మ్యాక్ కొని ఉంటే అందులోకీ లినక్స్ దించుకోవచ్చు.

నేర్చుకోవడానికి మనిషి ఎవరని అడుగుతారు. ఐఐటీ బొంబాయి నడిపే స్పోకెన్ ట్యుటోరియల్‌లో లినక్స్, లిబ్రే ఆఫీస్ పాఠాలు తెలుగులోనూ వినిపిస్తాయి, డబ్బు కట్టక్కర్లేదు. ఉదయగిరిలో లినక్స్ తెలిసిన మెకానిక్కు దొరకడం కష్టం కావచ్చు. ఇంజనీరింగ్ చదివే పిల్లలు మాత్రం దొరుకుతారు, వాళ్లకు టీ ఇప్పించండి.

నా తీర్పు సూటిగానే ఉంటుంది. ఇంట్లో పాత ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లు ముందు లినక్స్ నడిపి చూడాలి. వీడియోల మీద, ఐఫోన్ యాప్‌ల మీద సంపాదించబోయేవాళ్లు అప్పు చేయకుండా కొనగలిగితే మ్యాక్ కొనాలి. ఇన్‌స్టాల్ నొక్కేముందు ఫోటోలు, పాసుపుస్తకాల స్కాన్లు, పిల్లల మార్కుల జాబితాలు వేరే డిస్కులోకి కాపీ చేసుకుని, ఆ కాపీ తెరుచుకుంటోందో లేదో చూసుకోండి. మొత్తం డిస్కు తుడిచేయమనే ఎంపికకు సరేనన్నాక వాటిని వెనక్కి తెచ్చేవాడు నెల్లూరులోనూ దొరకడం కష్టం.