గ్యాస్ విద్యుత్తు: స్టేషన్లు సిద్ధం, సరుకే కరువు

గిడ్డంగి కట్టినంత మాత్రాన సరుకు దానంతట అది రాదని వర్తకులకు వేరే చెప్పనక్కరలేదు. మన దేశంలో సహజవాయువుతో నడిచే విద్యుత్కేంద్రాల పరిస్థితి సరిగ్గా ఇదే. 2024 మార్చి నాటికి వీటి స్థాపిత సామర్థ్యం సుమారు 25 వేల మెగావాట్లు; అంటే దేశం మొత్తం సామర్థ్యంలో ఇరవయ్యో వంతుకు పైమాటే. కాని 2023-24లో ఉత్పత్తి అయిన విద్యుత్తులో వీటి వాటా 2 శాతం దాటలేదు.

కృష్ణా-గోదావరి గ్యాస్ ను నమ్ముకుని జేగురుపాడు, వేమగిరి, కొండపల్లి, సామర్లకోటలలో స్టేషన్లు వెలిశాయి. 2009 ఏప్రిల్ లో కె.జి. డి-6 క్షేత్రం నుంచి గ్యాస్ రాక మొదలై, మరుసటి సంవత్సరం రోజుకు 6 కోట్ల ఘనపు మీటర్లు దాటింది. ఆ జోరు నిలవలేదు. తగ్గిన సరుకు పంపకంలో ఎరువుల కర్మాగారాలది ముందు వరుస, విద్యుత్తుది వెనుక వరుస. 2013 మార్చి నుంచి ఆ క్షేత్రం గ్యాస్ స్టేషన్లకు పూర్తిగా ఆగిపోయింది. 2015 నాటికి దేశీయ గ్యాస్ బొత్తిగా అందని స్టేషన్ల సామర్థ్యం 14,305 మెగావాట్లు. 2012లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పరిశ్రమలకు విద్యుత్ సెలవులు తప్పలేదు. అందుకు గ్యాస్ కొరత కూడా ఒక కారణం.

దిగుమతి గ్యాస్ తో నడపరాదా అన్న ప్రశ్నకు జవాబు ధరలోనే ఉంది. గ్యాస్ బేరం పది లక్షల బి.టి.యు. లెక్కన సాగుతుంది. మంచి కంబైన్డ్ సైకిల్ స్టేషనులో అంత గ్యాస్ కు స్థూలంగా 130 యూనిట్లు వస్తాయి. 2009లో డి-6 ధర 4.20 డాలర్లు, నాటి మారకం రేటున యూనిట్ కు రూపాయిన్నర పైచిలుకు. అదే గ్యాస్ 10 డాలర్లయితే, డాలరు 85 రూపాయల లెక్కన, యూనిట్ కు ఆరున్నర రూపాయలు. రవాణా, పన్నులు, పెట్టుబడిపై వడ్డీ దీనికి అదనం. ఆసియా తక్షణ బేరాల్లో 2020లో రెండు డాలర్ల దరిదాపులకు దిగిన ధర 2022లో 70 డాలర్లకు ఎగబాకింది. ఆ ధరకు కొన్న గ్యాస్ తో యూనిట్ ఖర్చు 40 రూపాయలు దాటుతుంది. అంత పెట్టి కొనే వారెవరు? ఇరవైనాలుగు గంటలూ నడపడంలో దేశీయ బొగ్గుతో ఈ సరుకు పోటీ పడలేదు.

అలాగని గ్యాస్ స్టేషన్లను పాత ఇనుము కింద కట్టడమూ తొందరపాటే అవుతుంది. బొగ్గు స్టేషను ఆగితే మళ్లీ పుంజుకునేందుకు చాలా గంటలు పడుతుంది. గ్యాస్ టర్బైను నిమిషాల మీద అందుకుంటుంది. పగలు సౌర విద్యుత్తు పుష్కలంగా ఉండి, పొద్దు వాలగానే గిరాకీ ఎక్కే నేటి పరిస్థితుల్లో ఈ గుణానికి విలువ ఉంది. 2024 మే 30న దేశంలో గరిష్ఠ డిమాండు 250 గిగావాట్లకు చేరింది. ఆ మే, జూన్ నెలల్లో గ్యాస్ స్టేషన్లను నడపాలని కేంద్రం ముందుగానే ఆదేశించింది. ఖరీదైన ఇంధనంతో తయారైన విద్యుత్తుకు పవర్ ఎక్స్ఛేంజిలో 2023 మార్చిలో ప్రత్యేక విభాగం తెరిచారు.

కనుక గ్యాస్ విద్యుత్తు రోజువారీ సరుకు కాదు, ఎద్దడి నాటి సరుకు. దాని లాభనష్టాలు అమ్మిన యూనిట్లను బట్టి గాక, అమ్మిన గంటను బట్టి తేలుతాయి. ఏడాదిలో కొద్ది గంటలు నడిచే స్టేషనుకు తక్కిన కాలమంతా సిద్ధంగా ఉన్నందుకు కూడా ప్రతిఫలం ముట్టాలి. లేకుంటే అవసరం నాటికి అది మిగలదు. రైసుమిల్లులు, శీతల గిడ్డంగులు, నూలు మిల్లులు నడిపే వారు వేసవి సాయంకాలపు రేట్లనూ, విదేశీ గ్యాస్ ధరనూ కలిపి గమనించడం మేలు. స్టేషను మీద పెట్టుబడి పెట్టదలచినవారు ముందుగా అడగవలసింది మెగావాట్లు ఎన్ని అని కాదు. గ్యాస్ ఒప్పందం ఎన్నేళ్లకు, ఏ ధరకు అన్నదే.