విండోస్ 10 నుంచి లినక్స్ మింట్‌కి మారుతున్నారా? ముందు ఈ టెస్ట్ చేయండి

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఫ్రీ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. పీసీ ఆగిపోదు, రోజూలాగే ఆన్ అవుతుంది. కానీ సెక్యూరిటీ ప్యాచ్‌లు ఆగిపోతాయి. ఇంట్లోవాళ్లు నెట్ బ్యాంకింగ్ చేసేది కూడా అందులోనే అయితే ఇది చిన్న విషయం కాదు. అదనపు అప్‌డేట్స్‌కి ఎన్‌రోల్ చేసుకున్నా మైక్రోసాఫ్ట్ ప్రకటించిన గడువు 2026 అక్టోబర్ 13 వరకే.

విండోస్ 11 వేద్దామంటే టీపీఎం 2.0 కావాలి. ఇంటెల్ ప్రాసెసర్ అయితే, కొద్ది మినహాయింపులు తప్ప, 8వ జనరేషన్ నుంచే సపోర్ట్. అంటే 6వ జనరేషన్ ఐ5, 8జీబీ ర్యామ్‌తో శుభ్రంగా నడుస్తున్న పీసీ కూడా లిస్టులో ఉండదు. అలాంటి పీసీకి లినక్స్ మింట్ మంచి ఆప్షన్. పూర్తిగా ఫ్రీ. 4జీబీ ర్యామ్ ఉంటే చాలు. స్టార్ట్ మెనూ, టాస్క్‌బార్ విండోస్‌లాగే ఉంటాయి కాబట్టి ఇంట్లో పెద్దవాళ్లకీ త్వరగానే అలవాటవుతుంది.

అయితే మారాలా వద్దా అన్నది స్పెసిఫికేషన్లు తేల్చవు. ఆ పీసీలో ఇంట్లో ఎవరు ఏం పని చేస్తారన్నదే తేలుస్తుంది.

ఏవి నడుస్తాయి?

క్రోమ్, ఫైర్‌ఫాక్స్, వీఎల్‌సీ, జూమ్ అన్నీ ఉన్నాయి. యూట్యూబ్, వాట్సాప్ వెబ్, బ్యాంక్ సైట్లు బ్రౌజర్‌లోనే కాబట్టి పెద్దగా తేడా తెలియదు. యూనికోడ్ తెలుగు చక్కగా కనిపిస్తుంది. టైప్ చేయాలంటే కీబోర్డ్ సెట్టింగ్స్‌లో తెలుగు లేఅవుట్ యాడ్ చేసుకోండి. వర్డ్ ఫైళ్లు లిబ్రే ఆఫీస్‌లో ఓపెన్ అవుతాయి, కాకపోతే టేబుల్స్, అలైన్‌మెంట్ కొన్నిసార్లు చెదురుతాయి.

ఎక్కడ ఇబ్బంది?

నాన్న టాలీలో లెక్కలు రాస్తున్నా, అన్నయ్య అను ఫాంట్స్‌తో పెళ్లి పత్రికలు, ఫ్లెక్సీలు డిజైన్ చేస్తున్నా విండోస్ తీసేయకండి. ఫొటోషాప్‌కి లినక్స్ వెర్షన్ లేదు. వాలరంట్ కూడా నడవదు, దాని యాంటీ చీట్ విండోస్‌నే అడుగుతుంది. వైన్‌తో కొన్ని విండోస్ సాఫ్ట్‌వేర్లు నడుస్తాయి నిజమే, కానీ ఇంటి ఆదాయం ఆధారపడిన పనిని దాని మీద పెట్టొద్దు.

పెన్‌డ్రైవ్ టెస్ట్

8జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి ఖాళీ చేసుకోండి. మింట్ ఐఎస్ఓ ఫైల్ డౌన్‌లోడ్ చేసి, రూఫస్ లేదా బలేనా ఎచర్‌తో అందులోకి రాయండి. పీసీని పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేస్తే, ఇన్‌స్టాల్ చేయకుండానే మింట్ డెస్క్‌టాప్ వచ్చేస్తుంది. ఇప్పుడు వైఫై కనెక్ట్ చేయండి. సౌండ్, వెబ్‌క్యామ్ చూడండి. ప్రింటర్‌లో ఒక పేజీ తీయండి. ల్యాప్‌టాప్ అయితే మూత వేసి తెరిచి, స్లీప్ నుంచి లేస్తుందో లేదో చూడండి. పెన్‌డ్రైవ్ మీద కాస్త స్లోగా ఉంటుంది, కంగారు పడకండి.

అన్నీ ఓకే అయితే ఫొటోలు, సర్టిఫికెట్లు బయటి హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేయండి. బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే రికవరీ కీ రాసి పెట్టుకోండి. ఇన్‌స్టాలర్‌లో రెండు దారులు కనిపిస్తాయి: విండోస్ పక్కనే వేయడం, డిస్క్ మొత్తం ఎరేజ్ చేయడం. రెండోది నొక్కితే డేటా అంతా పోతుంది.

మా సలహా: బ్రౌజింగ్, సినిమాలు, చదువు, కోడింగ్ వరకే అయితే ధైర్యంగా మారిపోండి. విండోస్ సాఫ్ట్‌వేర్ ఒక్కటైనా తప్పనిసరి అయితే డ్యూయల్ బూట్ పెట్టుకుని, బ్యాంకింగ్ మాత్రం మింట్‌లోనే చేయండి.