తేలితే చాలదు, లేవాలి

2024 ఆగస్టు 20న జంషెడ్‌పూర్‌లోని సోనారి విమానాశ్రయం నుంచి బయలుదేరిన సెస్నా 152 శిక్షణ విమానం తిరిగి రాలేదు. సువర్ణరేఖపై ఉన్న చాండిల్‌ జలాశయంలో కూలింది. అందులోని ఇద్దరూ మరణించారు. శకలాల కోసం నీటి అడుగున వెతకడానికి విశాఖపట్నం నుంచి నౌకాదళ బృందం వెళ్లాల్సి వచ్చింది.

ఇంత నీటి మీద ఎగిరే చిన్న విమానానికి చక్రాలకు బదులు ఫ్లోట్లు బిగిస్తే? ఈ ఆలోచన రావడం సహజమే. కానీ వేగంగా వచ్చి నీటిని ఢీకొట్టే విమానాన్ని ఏ ఫ్లోటూ కాపాడదు. పైగా వాటికి చెల్లించాల్సిన మూల్యం ఎక్కువ.

ఫ్లోట్లంటే విమానం కింద ఉండే రెండు బోలు పడవలు. సెస్నా 152 ఇంజిన్‌ శక్తి 110 హార్స్‌పవర్‌, గరిష్ఠ బరువు 757 కిలోలు. ఇద్దరు మనుషులు, నిండా ఇంధనం ఎక్కితే ఇంకేమీ మోయలేదు. ఫ్లోట్ల బరువు ఎక్కడ సర్దాలి? నాలుగు సీట్ల సెస్నా 172 మామూలుగా 120 నాట్ల దాకా వెళ్తుంది; ఫ్లోట్లతో వంద దాటడమే కష్టం.

అసలు పరీక్ష నీటిని విడిచి లేవడం. మొదట విమానం ముక్కు పైకెత్తి, నీటిని దున్నుకుంటూ కదులుతుంది. వేగం పెరిగాక ఫ్లోట్ల అడుగున ఉన్న మెట్టు మీద నీటిపై జారుతుంది. గాలిలేని రోజున, అద్దంలాంటి నీరు ఫ్లోట్లను పట్టి వదలదు. చిరు అలలే మేలు. మే నెల ఎండకు గాలి పలచబడితే ఇంజిన్‌, రెక్కలు రెండూ నీరసిస్తాయి. దిగేటప్పుడూ ఆ అద్దమే మోసం చేస్తుంది: నీరు ఎంత కింద ఉందో కంటికి తెలియదు. అందుకే పైలట్లు ఒడ్డును ఆనవాలు చేసుకుని, నిదానంగా ఒకే వేగంతో దిగుతారు.

మన నౌకాదళ వైమానిక విభాగం 1953లో మొదలైంది నీటిపైనా నేలపైనా దిగే సీలాండ్‌ విమానాలతోనే. జపాన్‌ యూఎస్‌-2 కోసం ఏళ్ల తరబడి జరిగిన చర్చలు మాత్రం కొనుగోలు దాకా రాలేదు. 2024 నవంబరు 9న విజయవాడ నుంచి శ్రీశైలానికి ప్రయోగాత్మకంగా ఎగిరిన ట్విన్‌ ఆటర్‌కు రెండు టర్బోప్రాప్‌ ఇంజిన్లున్నాయి. ఫ్లోట్ల భారం మోసే సత్తా అలాంటి వాటికి ఉంటుంది.

ఇక మిగిలింది నీటి సంగతి. చాండిల్‌ కింద ఊళ్లే మునిగాయి. అలాంటి చోట విమానాన్ని దించాలంటే ముందు చూడాల్సింది చేపల వలలు, మునిగిన చెట్ల మోళ్లు, వేసవికి తగ్గిపోయే నీటిమట్టం.