ఒకే ఉక్కు, రెండు చదువులు

కెమికల్‌ ఇంజినీరింగ్‌ చదివి పీజీలో మెటీరియల్స్‌ వైపు మళ్లాలనుకునే వాళ్ల కోసం, ఖరగ్‌పూర్‌ సాక్షిగా ఈ వారం ముఖచిత్ర కథనం

‘‘బ్రాంచి మారే పిల్లల మీద రాయండి, గురువారానికల్లా కావాలి’’ అన్నారు ఎడిటర్‌. ఇలాంటి కథనాలంటే నాకు ముందునుంచీ అనుమానమే. ప్యాకేజీల అంకెలు, కోచింగ్‌ సెంటర్ల గొప్పలు తీసేస్తే మిగిలేది తక్కువ. ఈసారి మాత్రం ఒక సిలబస్‌ కాగితం నన్ను వదల్లేదు. గేట్‌ పరీక్షలో ‘ఇంజినీరింగ్‌ సైన్సెస్‌’ పేపరు, అందులో మెటీరియల్స్‌ సైన్స్‌ విభాగం.

కెమికల్‌ చదివినవాళ్లకి ఆ కాగితంలో సగం మంది చుట్టాలే. థర్మోడైనమిక్స్‌, గిబ్స్‌ ఫేజ్‌ రూల్‌, పాలిమర్లు, తుప్పు... అన్నీ తెలిసిన మొహాలే. మాస్‌ ట్రాన్స్‌ఫర్‌ క్లాసులో వాయువులకీ ద్రవాలకీ వాడిన ఫిక్‌ నియమమే ఇక్కడ ఉక్కులోకి కార్బన్‌ ఎంత లోతుకి దిగుతుందో చెబుతుంది. చిప్పుల తయారీలో వాడే కెమికల్‌ వేపర్‌ డిపోజిషన్‌నే తీసుకోండి. వేడెక్కిన పలక మీద వాయువులు చర్య జరిపి పలచటి పొరగా మిగులుతాయి. కెమికల్‌ వాళ్ల కంటికి అదీ ఒక రియాక్టరే.

తడబాటు రెండో సగంలో. స్ఫటిక నిర్మాణం, డిస్‌లొకేషన్లు, ఎక్స్‌రే డిఫ్రాక్షన్‌, యూటెక్టాయిడ్‌ మార్పు. ఈ చివరిదానికి ఖరగ్‌పూర్‌లో ఉదాహరణ వెతుక్కోనక్కర్లేదు, ఊరంతా రైలు పట్టాలే. మామూలు పట్టా ఉక్కులో కార్బన్‌ 0.6 నుంచి 0.8 శాతం దాకా ఉంటుంది. ఎర్రగా కాగిన ఆ ఉక్కు గాలికి నిదానంగా చల్లారుతూ 727 డిగ్రీల సెల్సియస్‌ కిందికి దిగాక, దాదాపు శుద్ధ ఇనుము ఒక పొర, ఐరన్‌ కార్బైడ్‌ ఒక పొరగా లోపల అమరుతుంది. అదే పెర్లైట్‌. అరుగుదలకి బాగా ఓర్చుకుంటుంది. అదే ఉక్కుని ఎర్రటి వేడి మీద నీళ్లలో ముంచితే మార్టెన్‌సైట్‌ అవుతుంది. గట్టిదే, కానీ పెళుసు. రసాయన విశ్లేషణకి పంపితే రెండింటికీ ఒకే రిపోర్టు వస్తుంది! ఏమేం ఉన్నాయి, ఎంతెంత ఉన్నాయి అని కెమికల్‌ చదువు లెక్క తీస్తుంది. లోపల ఎలా అమరాయి అని మెటీరియల్స్‌ చదువు అడుగుతుంది.

ఖరగ్‌పూర్‌ చరిత్ర రెండు ముక్కల్లో: బెంగాల్‌ నాగపూర్‌ రైల్వే, దాని వర్క్‌షాపు ఈ ఊరిని పెంచాయి. ఆ రైల్వే వెంటే వచ్చిన తెలుగు కుటుంబాలు ఇక్కడ స్థిరపడ్డాయి. 1931లో ఇద్దరు రాజకీయ ఖైదీలు కాల్పుల్లో చనిపోయిన హిజ్లీ నిర్బంధ శిబిరంలోనే 1951లో ఐఐటీ వెలిసింది. తొలి డైరెక్టర్‌ జ్ఞానచంద్ర ఘోష్‌ భౌతిక రసాయన శాస్త్రవేత్త. ఇప్పుడక్కడ కెమికల్‌, మెటలర్జీ విభాగాలతో పాటు విడిగా మెటీరియల్స్‌ సైన్స్‌ సెంటర్‌ కూడా ఉంది.

బాక్సు: మార్కులు, రైలు
• ఇంజినీరింగ్‌ సైన్సెస్‌ పేపరు: 3 గంటలు, 100 మార్కులు. జనరల్‌ ఆప్టిట్యూడ్‌ 15, గణితం 15, ఎంచుకున్న రెండు విభాగాలకి 35 చొప్పున.
• మెటీరియల్స్‌కి తోడు థర్మోడైనమిక్స్‌ గానీ పాలిమర్‌ సైన్స్‌ గానీ కెమికల్‌ వాళ్లకి అనుకూలం.
• స్కోరు 3 ఏళ్లు చెల్లుతుంది. ఏ విభాగం ఏ పేపరుని ఒప్పుకుంటుందో ఆ ఏడాది ప్రకటనలోనే చూసుకోవాలి.
• సికింద్రాబాద్‌ నుంచి ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌ ఖరగ్‌పూర్‌లో ఆగుతుంది. ఇక్కడి 1,072.5 మీటర్ల ప్లాట్‌ఫారం ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడవైనది.

ఇక నా మాట. జీతం కోసమో, పేరు కొత్తగా ఉందనో ఈ దారి పట్టొద్దు. దరఖాస్తు నింపే ముందు ఇనుము-కార్బన్‌ ఫేజ్‌ డయాగ్రమ్‌ ముందేసుకుని ఒక వారం కూర్చోండి. ఇంకా తెలుసుకోవాలనిపిస్తే మారండి. విసుగొస్తే కెమికల్‌లోనే ఉండండి, అదేం తక్కువ చదువు కాదు.